ఎవరి కట్టు వాళ్ళదే

మార్చి 4

కాలు జారింది. అంతకంటే రాయడానికేమీ లేదు.

కానీ మా అమ్మాయి ఈ డైరీ తెచ్చి మంచం మీద పడేసింది. "పైకప్పు చూస్తూ పడుకుంటే పిచ్చెక్కుతుంది నాన్నా, ఏదో ఒకటి రాసుకో, నేను చదవను" అని ఒట్టు కూడా వేసింది. పదో తరగతి తర్వాత నేను పెన్ను పట్టింది సంతకాలకే. మడమ ఎముక విరిగింది కాబట్టి మళ్ళీ చదువుకున్నవాణ్ణయ్యాను.

చిన్నప్పుడు స్కూల్లో ఇది "మా నాన్న బిల్డింగులు కడతారు" అని రాసొచ్చింది. బిల్డింగులు కాదమ్మా, బిల్డింగు కట్టేవాళ్ళు నిలబడడానికి పరంజా కడతాను అని ఎన్నిసార్లు చెప్పినా దానికి నచ్చలేదు. పైపులు నిలబెట్టి, క్లాంపులు బిగించి, చెక్కలు పరుస్తాం. మేస్త్రీలు వాటి మీద నిలబడి పని చేసుకుంటారు. పనయ్యాక అంతా ఊడదీసుకుని వెళ్ళిపోతాం, మేం అక్కడ ఉన్నామన్న సంగతి కూడా ఎవరికీ తెలీదు. ఇందులో స్కూల్లో చెప్పుకోవడానికి ఏముందని దాని బాధ.

సాయంత్రం అక్కా బావా వచ్చారు. బావ కుర్చీ లాక్కుని నా కాలి కట్టు వంకే చూస్తూ కూర్చున్నాడు. "ఎలా పడ్డావురా?" అన్నాడు. చెక్క తడిగా ఉంది, కాలు జారింది అన్నాను. "ఎక్కడ నిలబడ్డావు?" అని అడిగాడు. గుర్తులేదన్నాను. మళ్ళీ అడగలేదు.

మా ఆవిడ టీ ఇస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగాడు. వేడిగా ఉండుంటుంది.

మార్చి 5

కాలు జారింది అనే అందరికీ చెప్పాను. మా ఆవిడకి కూడా.

మార్చి 8

ఇవాళ ఎవరూ రాలేదు. కిటికీలోంచి ఎదురింటావిడ బట్టలు ఆరేసుకోవడం చూస్తూ కూర్చున్నాను. ఆ తాడు చూస్తే పాత రోజులన్నీ వరసగా గుర్తొచ్చాయి.

అక్క పెళ్ళయిన కొత్తలో నేను ఎందుకూ పనికిరాని వెధవనని మా నాన్న తీర్మానించేశాడు. తీర్మానం తప్పేం కాదు. సైకిలు తొక్కడం, సినిమాలు చూడడం తప్ప నాకేమీ రాదు. "నా దగ్గరికి పంపండి మావయ్యా, చచ్చినట్టు పని నేర్చుకుంటాడు" అని బావ నన్ను వాళ్ళింటికి తీసుకుపోయాడు. అప్పట్లో పైపులూ క్లాంపులూ ఎక్కడివి, అంతా బొంగులూ కొబ్బరి తాళ్ళే. అక్క బట్టలారేసే తాడు విప్పేసి, మంచం కోడుకి ముడి వేయించేవాడు. నేను వేస్తే కాలితో ఒక్క తన్ను తన్నేవాడు. ముడి జారితే ఆ పూట నాకు టీ లేదు. తడిబట్టల బకెట్టు పట్టుకుని అక్క గుమ్మంలో నిలబడి, "మీ ఇద్దరి చదువులయ్యేదాకా నా బట్టలు ఆరక్కర్లేదా" అని తిట్టేది. చాలా రోజులు టీ తాగలేదు నేను.

తర్వాత పనికి తీసుకెళ్ళాడు. మధ్యాహ్నం అన్నాలు ఎప్పుడూ పైనే. చివరి వరస చెక్క మీద కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చుని, ఇద్దరం ఒకే క్యారేజీలో తినేవాళ్ళం. అన్ని డాబాలూ మా కిందే. ఎవరి డాబా మీద ఏం ఆరేశారో, ఎవరింట్లో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడం లేదో అన్నీ బావే చెప్పేవాడు. సగం అబద్ధాలే. చేతులకి ఎప్పుడూ కొబ్బరి తాడు వాసన. ఆ వాసన ఇప్పుడు ఎక్కడా తగలదు. తగిలితే బాగుండనిపిస్తోంది.

నేను మొదటిసారి సొంతంగా కట్టిన కట్టు మీద బావే ముందు ఎక్కాడు. ఎక్కి, చెక్క మీద రెండు స్టెప్పులేశాడు. కింద ఉన్నవాళ్ళంతా ఈలలు వేశారు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. మొహం తుడుచుకుంటున్నట్టు తువ్వాలు అడ్డం పెట్టుకున్నాను.

మా ముఠాకి ఒకటే నియమం. ఎవరి కట్టు వాళ్ళదే. ఒకడు కట్టిందాన్ని ఇంకొకడు లాగి చూడకూడదు, వంగి చూడకూడదు. చూస్తే, నీకు పని రాదని మొహం మీద చెప్పినట్టు. ఎవడో కొత్తవాడు తెలియక బావ ముడి ఒకటి లాగి చూశాడు. బావ ఆ ముడి విప్పి, తాడు చుట్ట చుట్టి, వాడి చేతిలో పెట్టి, "అయితే నువ్వే కట్టుకో" అన్నాడు. వాడు మళ్ళీ మా ముఠాలో కనపడలేదు. బొంగులు పోయి పైపులొచ్చాయి, ముడులు పోయి క్లాంపులొచ్చాయి, ఆ నియమం మాత్రం అలాగే ఉంది. చేతిలో తాడు బదులు నట్లు బిగించే పానా, అంతే తేడా.

బావ మతిమరుపు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. రోజూ సాయంత్రం గేటు దాకా వచ్చాక నెత్తి కొట్టుకునేవాడు. "క్యారేజీ పైన మర్చిపోయానురా, నువ్విక్కడే ఉండు" అని వెనక్కి వెళ్ళేవాడు. ఎంతకీ రాడు. నేను గేటు పక్కన టీ కొట్టు దగ్గర నిలబడి, మా బావ బుర్ర సంగతి వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పి నవ్వించేవాణ్ణి. అక్క కూడా విసిగిపోయి, "ఆ క్యారేజీ మెళ్ళో కట్టుకోండి" అనేది. "పెళ్ళాన్ని మర్చిపోలేదు, సంతోషించు" అనేవాడు. తర్వాతెప్పుడో ఆ మతిమరుపు దానంతటదే తగ్గిపోయింది. ఎప్పుడు తగ్గిందో గుర్తులేదు.

చెయ్యి నొప్పి పుడుతోంది. పానా పట్టినా ఇంత నొప్పి రాదు.

మార్చి 11

సేఫ్టీ మేడమ్ వచ్చింది. సైటులో ఈవిణ్ణి చూస్తే మా వాళ్ళంతా హెల్మెట్లు వెతుక్కుంటారు. ఇంటికి చెప్పులు విప్పి లోపలికొచ్చి, మా ఆవిడతో ముందు కూతురి చదువు గురించి మాట్లాడి, తర్వాత నా వైపు తిరిగింది.

"కాలు జారితే మీరు పడాలి. పైపు ఎందుకు పడింది?" అంది.

పట్టుకుని వేలాడాను కదా, నా బరువుకి వచ్చుంటుంది అన్నాను.

"బెల్టు పెట్టుకున్నారు కదా. కొక్కెం దేనికి తగిలించారు?"

"ఆ పైపుకే."

"ఆ పైపుకే ఎందుకు?"

దీనికి నా దగ్గర జవాబుంది. అది బావ బిగించిన పైపు. ఆ సైటులో అంతకంటే గట్టిది ఇంకేముంటుంది? కొక్కెం తగిలించేటప్పుడు పైపు వంక చూడను కూడా చూడలేదు నేను. కానీ ఇది ఆవిడకి చెప్పలేదు. అలవాటు మేడమ్ అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "పైపు పడడం దూరం నుంచి చూశాను, నేనక్కడికి వచ్చేసరికి అది మళ్ళీ బిగించేసి ఉంది. ఎవరు బిగించారంటే ఒక్కరూ నోరు విప్పరు. మిమ్మల్ని తప్పుపట్టడానికి రాలేదండీ. మీరెందుకు పడ్డారో తెలియకపోతే రేపు ఇంకొకరు పడతారు. ఈసారి కింద ఇసక కుప్ప ఉండకపోవచ్చు" అంది. ఇక మీదట ఒకరు కట్టింది మీ ముఠాలోనే ఇంకొకరు చూడాలి, చూశాకే ఆకుపచ్చ కార్డు తగిలించాలి, కార్డు లేకుండా ఎవర్నీ ఎక్కనివ్వను అని చెప్పి వెళ్ళింది.

ఆ పైపు మళ్ళీ బిగించింది మా పొడుగోడే అయ్యుంటాడు. మా ముఠాలో అంత చప్పున అందుకునేది వాడే.

మనసేం బాగాలేదు. మంచి మనిషి ఆవిడ.

మార్చి 12

ఆ రోజు చెక్క తడిగానే ఉంది. పొద్దున మంచు పడింది కదా.

మార్చి 15

అక్క ఒక్కతే వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి మా ఆవిడతో గుసగుసలాడి, తర్వాత నా మంచం అంచున కూర్చుంది. కాసేపు నా దుప్పటి సర్దింది. సర్దిన దుప్పటే మళ్ళీ సర్దింది.

"మీ బావ చొక్కా గుండీలు ఇప్పుడు నేనే పెడుతున్నానురా" అంది.

"ఈ వయసులో మీ ఇద్దరికీ సరసాలేంటక్కా" అన్నాను.

నవ్వలేదు. "వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయట. పట్టుకున్నది పట్టుకున్నట్టు తెలియడం లేదట. డాక్టరు దగ్గరికి పదమంటే వినడు. మొన్న తాళంచెవి పడేసుకుని, పడిందన్న సంగతే తెలియకుండా గుమ్మంలో నిలబడి జేబులు వెతుక్కున్నాడు. పనిలో బాగానే చేస్తున్నాడా? నిజం చెప్పు."

"బ్రహ్మాండంగా చేస్తున్నాడు" అన్నాను.

అక్క నా మొహంలోకి చూసింది. చిన్నప్పుడు చక్కెర డబ్బా దగ్గర దొరికిపోయినప్పుడు కూడా ఇలాగే చూసేది. తర్వాత లేచి, అన్నం తిన్నావా అని అడిగి వెళ్ళిపోయింది.

బావ చేతులు. ఒక చేత్తో బొంగు పట్టుకుని, రెండో చేత్తో, పళ్ళ సాయం కూడా లేకుండా ముడి వేసేవాడు. చూస్తున్నవాళ్ళకి ముడి ఎప్పుడు పడిందో తెలిసేది కాదు.

ఇంకేం రాయలేను.

మార్చి 17

పొడుగోడు ఫోన్ చేశాడు. ఒకటే నవ్వు. వెనక గోడకి పై అంతస్తు దాకా పరంజా కట్టడం రేపటితో అయిపోతుందట. కింది వరసలూ మూలలూ అన్నీ బావే బిగిస్తున్నాడట. మేడమ్ వచ్చి, ఇది ఎవరు చూస్తారు అని అడిగిందట. బావ పానా జేబులో పెట్టుకుని, "నా కట్టు మీద చెయ్యి వేసేవాడు ఇంకా పుట్టలేదమ్మా" అన్నాడట. మా వాళ్ళంతా చప్పట్లు కొట్టారట.

"మరి కార్డు?" అన్నాను.

"ఓస్, దానికేముంది. రేపు సాయంత్రం ఆవిడ ముందు కాసేపు అటూ ఇటూ తిరిగి నేనే తగిలించేస్తా. పెద్దాయన కట్టు చూసేంత మగాణ్ణా నేను?"

ఎల్లుండి పొద్దున ప్లాస్టరింగు వాళ్ళు ఎక్కుతారట. వాళ్ళు మొగుడూ పెళ్ళాలూ జంటలుగా వస్తారు. ఆవిడ సిమెంటు అందిస్తుంటే అతను గోడకి కొడుతుంటాడు. ఒకే చెక్క మీద ఇద్దరూ ఉంటారు.

"ఒరేయ్, ఆ రోజు పైపు మళ్ళీ బిగించింది నువ్వే కదా" అని అడిగాను.

నవ్వు ఆగిపోయింది. "ఏ పైపు? నీకు కాలు జారింది కదన్నా" అన్నాడు.

మార్చి 18

కాలు జారలేదు.

రాసేశాను. పెన్ను విరగలేదు, ఇల్లు కూలలేదు.

నేను చెక్క మీద అడుగు వేశాను. కింద పైపు కదిలింది. పట్టుకుందామని వంగితే క్లాంపు నా మొహం ముందే ఉంది. నట్టు చివర్న వేలాడుతోంది. చేత్తో ఒక చుట్టు తిప్పి వదిలేసినట్టుంది, పానా పడనే లేదు. బావ పానా పెట్టలేదని కాదు, పెట్టే ఉంటాడు. పెట్టాను, బిగిసింది అనుకునే ఉంటాడు. ఆ వేళ్ళకి తెలియలేదు. పడుతున్నంతసేపూ నేను చూసింది ఆ నట్టునే.

ఇంకోటి కూడా రాయాలి. వారం ముందు నుంచీ బావ పానా జారవిడవడం చూస్తూనే ఉన్నాను. చెమట పట్టిందేమో అనుకున్నాను. అనుకోవడం కాదు, అలా అనుకుందామని నిర్ణయించుకున్నాను. చూస్తే బావకి అవమానం. చూడకపోతే నాకు మడమ విరిగింది. నాతో పోతే పరవాలేదు, నేను ఆయన బావమరిదిని, ఎంతైనా పడతాను. రేపు ఎక్కబోయేవాళ్ళకి బావ ఎవరో కూడా తెలీదు.

ఫోన్ చేసి చెప్పొచ్చు. మేడమ్‌కి ఒక్క ముక్క చెబితే చాలు. కానీ బావ కట్టు మీద బయటివాళ్ళు చెయ్యి వేస్తే బావ ఇక ఆ గేటు తొక్కడు. అది నాకు తెలుసు. వేస్తే నేనే వెయ్యాలి. నన్ను కొడితే కొట్టనీ.

నాకు భయంగా ఉంది. పరంజా మీద ఇంత భయం ఎప్పుడూ వేయలేదు.

మార్చి 19

చంకకర్రలతో ఆటో ఎక్కి వెళ్ళాను. మా ఆవిడ గుమ్మంలో అడ్డం నిలబడితే, బావని చూసొస్తాను అన్నాను. అది అబద్ధం కాదు.

ప్లాస్టరింగు వాళ్ళు అప్పటికే వచ్చి ఇటుకల మీద కూర్చుని టీలు తాగుతున్నారు. ఒకావిడ తట్ట బోర్లించుకుని, చున్నీ నడుముకి బిగించుకుంటోంది. పరంజా మొదట్లో ఆకుపచ్చ కార్డు వేలాడుతోంది. నన్ను చూసి మా వాళ్ళంతా ఒకటే గోల. కుంటి గుర్రం వచ్చిందన్నారు, పనికిమాలినోడా జీతం ఊరికే వస్తుంటే ఇక్కడికెందుకొచ్చావన్నారు. బావ నవ్వుతూ ఎదురొచ్చాడు. చొక్కా గుండీలు అన్నీ చక్కగా పెట్టి ఉన్నాయి.

నేను ఆగలేదు. ఆగితే మళ్ళీ కదలనని తెలుసు. మూల పైపు దగ్గరికి పోయి, ఒక కర్ర చంకలోంచి తీసి గోడకి ఆనించి, జేబులోంచి నా పానా తీశాను. నిలబడితే నాకు అందేంత ఎత్తులో ఉన్న క్లాంపుకి పెట్టాను.

గోల ఆగిపోయింది. పొడుగోడు "అన్నా" అని ఒక్క మాట అన్నాడు.

పానా తిప్పాను. నట్టు తిరిగింది. ఇంకోసారి తిప్పాను. మళ్ళీ తిరిగింది. కిర్రుమని చప్పుడైనా లేదు, సీసా మూత తిరిగినట్టు తిరిగింది. అందరూ చూస్తున్నారు. పక్క పైపు దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళాను. అది బిగిసే ఉంది. దాని పక్కది మళ్ళీ తిరిగింది.

వెనక్కి తిరిగి బావ వైపు చూడడానికి నాకు ధైర్యం చాల్లేదు. పైపు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

బావ వచ్చి కార్డు తెంపాడు. తన పానా తీసి పొడుగోడి చేతిలో పెట్టాడు. "పైదాకా ఎక్కు. ఒక్కటి వదలకుండా చూడు. బెల్టు కొక్కెం గోడలో ఉన్న కడ్డీకి తగిలించుకో, నా పైపులకి తగిలించకు" అన్నాడు. ప్లాస్టరింగు వాళ్ళతో, "ఇంకో టీ తాగండి, కాస్త టైము పడుతుంది" అన్నాడు. మేడమ్ దూరంగా నిలబడి అంతా చూస్తోంది. దగ్గరికి రాలేదు. అందుకు ఆవిడకి నేను రుణపడి ఉంటాను.

ఇసక కుప్ప మీద ఇద్దరం కూర్చున్నాం. నేను పడ్డ కుప్పే. పైనుంచి పొడుగోడి పానా చప్పుడు వినిపిస్తోంది. ఒక్కోచోట ఎక్కువసేపు ఆగుతున్నాడు.

"నువ్వు పడ్డది నా పైపుతోనేనా?" అన్నాడు బావ.

తలూపాను.

బావ ఇసక గుప్పిట్లోకి తీసుకుంటున్నాడు, వేళ్ళ సందుల్లోంచి పోతోంది, మళ్ళీ తీసుకుంటున్నాడు. తర్వాత అన్నాడు, "సాయంత్రం దాకా ఆగలేకపోయావురా?"

"వాళ్ళు ఎక్కబోతున్నారు కదా బావా."

"నిన్న సాయంత్రమే రావలసింది. అందరి ముందూ చూడాలా? నేను నీకెప్పుడైనా ఇలా చేశానా?"

నాకు ఉక్రోషం వచ్చింది. "నా కట్టు నువ్వెప్పుడు చూశావు?" అన్నాను.

బావ నా వంక చూశాడు. ఒట్టి మూర్ఖుణ్ణి చూసినట్టు చూశాడు.

"రోజూ క్యారేజీ మర్చిపోయేవాడు ఎవడైనా ఉంటాడురా?" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"మీ అక్కకి మాటిచ్చి తెచ్చుకున్నాను నిన్ను. నియమమని ఊరుకోమంటావా? మొదట్లో సగం నేనే మళ్ళీ కట్టేవాణ్ణి. వెలుతురు పోయేలోపు అవ్వాలని పరుగులు పెట్టేవాణ్ణి. నువ్వు గేటు దగ్గర నా మీద జోకులేసుకుంటుంటే పైకి వినపడేవి."

నేను ఏడ్చాను. ఈసారి తువ్వాలు కూడా లేదు. బావ నా వీపు మీద చెయ్యి వేశాడు. వేళ్ళకి తెలుస్తోందో లేదో గాని చాలాసేపు తీయలేదు.

మార్చి 20

నిన్న రాసింది చదువుకున్నాను. నా మొదటి కట్టు మీద బావ స్టెప్పులేసిన సంగతి పైన రాశాను కదా. దానికి ముందు రోజు సాయంత్రం కూడా క్యారేజీ మర్చిపోయాడు. ఇప్పుడు గుర్తొస్తోంది.

మార్చి 24

బావ అక్కతో డాక్టరు దగ్గరికి వెళ్ళాడట. మెడలో నరం నొక్కుకుపోయిందన్నారట. మందులిచ్చారు, తగ్గినంత తగ్గుతుంది, పై పని మాత్రం వద్దన్నారట. మేడమ్ బావని కిందే ఉంచి, కొత్తవాళ్ళకి పని నేర్పించమందట. "ఆవిడ కార్డు నా చేత్తో తగిలించాలట, ఖర్మ" అన్నాడు ఫోన్లో. గొంతులో కొంచెం గర్వం ఉంది. నేను వినలేదన్నట్టు ఊరుకున్నాను.

మా వాళ్ళు ఇంకా గొణుగుతూనే ఉన్నారట. పొడుగోడు మాత్రం గొణగడం లేదట. ఆ రోజు పైన ఏం చూశాడో వాడు నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

మే 6

చాలా రోజులైంది ఇది తెరిచి. రాయడానికేమీ లేకపోవడమే హాయి.

ఇవాళ మళ్ళీ పనిలోకి వెళ్ళాను. మధ్యాహ్నం బావా నేనూ కిందే కూర్చుని ఒకే క్యారేజీలో తిన్నాం. కిందనుంచి చూస్తే ఎవరి డాబాలూ కనపడవు. అయినా బావ అబద్ధాలు బావ చెప్పాడు.

కొత్తవాళ్ళకి చూపించడానికని గేటు వైపు మూల పైపుకి ఒక క్లాంపు తనే బిగించాడు. చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం వెళ్ళలేదు, ఎవరూ అటు చూడనూ లేదు. చెమట తుడుచుకుని, "ఇలా" అన్నాడు.

సాయంత్రం ఇద్దరం గేటు దాకా వచ్చాం. బావ ఆగి నెత్తి కొట్టుకున్నాడు.

"క్యారేజీ మర్చిపోయానురా. ఆ మూల పైపు దగ్గరే ఉంటుంది, కాస్త తెచ్చిపెట్టు" అన్నాడు.

క్యారేజీ ఆయన చేతికే వేలాడుతోంది. నేను సరే బావా అని వెనక్కి వెళ్ళాను. పానా జేబులోనే ఉంది. నట్టు బిగిసే ఉంది. పావు తిప్పు తిప్పాను, అంతే తిరిగింది.

నేను తిరిగొచ్చేసరికి బావ టీ కొట్టు దగ్గర నిలబడి, నా మతిమరుపు గురించి ఎవరికో చెప్పి నవ్విస్తున్నాడు.

"దొరికిందా?" అన్నాడు.

"దొరికింది బావా" అన్నాను.